ఈటెయు నీళ్లబుడ్డియు

వాక్యభాగము: 1 సమూయేలు 26:1–25

సౌలు మూడువేలమందిని వెంటబెట్టుకొని దావీదును వెదకుటకు జీఫు అరణ్యమునకు వచ్చి, యెషీమోను ఎదుటనున్న హకీలా మన్యమందు దండు దిగెను. రాత్రివేళ దావీదు అబీషైతో కూడ ఆ దండులోనికి పోయి చూడగా రాజు గాఢనిద్రలో నుండెను. అతని యీటె తలయొద్ద నేలను నాటబడియుండెను. అచ్చటనే అతని నీళ్లబుడ్డియు నుండెను. ఒక్క పోటుతో పని ముగించెదనని అబీషై సెలవడిగెను. దావీదు సమ్మతింపక, ఆ యీటెను నీళ్లబుడ్డిని మాత్రము తీసికొని, ఎవరును మేల్కొనకమునుపే వెళ్లి దూరముననున్న కొండ శిఖరమున నిలిచెను. తరువాత అతడు చేసిన పని విచిత్రమైనది. దొరికిన యీటెను తనయొద్ద ఉంచుకొనక, పనివారిలో నొకని పంపి దానిని తీసికొని పొమ్మని రాజుతో చెప్పెను.

ఒక సైనికుని ఆయుధమును, అతడు దాహము తీర్చుకొను పాత్రను చేతపట్టుకొని, వీటిని ఏమి చేయవలెనని యోచించుట దావీదు దినములతో ముగిసిన సంగతి కాదు. యుద్ధకాలపు సైనికసామగ్రిని వెదకి, కొని, శుభ్రపరచి, అద్దాల బీరువాలలో అమర్చుట నేడు అనేక దేశములలో ఒక వ్యాసంగముగా నెలకొనియున్నది. తుపాకులను ఖడ్గములను కూర్చువారు కొందరు. సామాన్య సైనికుడు తన దేహముమీద మోసికొని తిరిగిన చిన్న వస్తువులను కూర్చువారు మరికొందరు.

1908వ సంవత్సరమున బ్రిటిషు సైన్యము ప్రవేశపెట్టిన నూలుపట్టీల సామగ్రిని ఉదాహరణముగా తీసికొనవచ్చును. నడుమున బెల్టు, భుజములమీదుగా రెండు పట్టీలు, రొమ్మునకు ఇరుప్రక్కల 150 తూటాలు పట్టు చిన్న సంచులు, ఒక ప్రక్క బాయినెట్టు, మరియొక ప్రక్క ఖాకీగుడ్డ తొడిగిన ఎనామెలు నీళ్లసీసా, కందకము త్రవ్వుటకు పిడి ఊడదీయదగిన చిన్న పార, వీపున పెద్ద సంచి. ఆ సామానులో భోజనపు గిన్నె, చెంచా, క్షౌరపు కత్తి, సూదియు దారమును బొత్తాములును చుట్టి పెట్టిన యొక గుడ్డచుట్ట ఉండెను. ఆ చుట్టకు వారి భాషలో ‘గృహిణి’ అని పేరు. సర్వసామగ్రియు కలిసి సుమారు 27 కిలోల బరువు. ఇంత బరువు మోసికొని నడచిన యువకుడు నేడు లేడు. అతని చెంచా మిగిలియున్నది.

ఇట్టి వస్తువులను కూర్చుట పాపమని తొందరపడి తీర్పు చెప్పుట తగదు. ఇనుము పాపము చేయదు. తోలు దేవునికి విరోధము కాదు. వస్తువును పట్టుకొనిన చేయి దేనికొరకు దానిని పట్టుకొనెనో అదియే విచారింపదగిన ప్రశ్న. లేఖనములు ఈ ప్రశ్నకు మూడు మార్గములను చూపుచున్నవి.

ఒకే మాట

హెబ్రీ భాషలో ‘కెలీ’ అను మాట కలదు. దావీదు గొల్యాతు ‘కెలీ’లను తన డేరాలో ఉంచెనని వ్రాయబడినచోట అది ఆయుధములని అర్థము. అదే దినమున యుద్ధమునకు పరుగెత్తకముందు దావీదు తాను తెచ్చిన ‘కెలీ’లను కావలివానియొద్ద విడిచెను, అచ్చట అది సామాను. నోబులో అహీమెలెకుతో మాటలాడుచు యౌవనుల ‘కెలీ’లు పరిశుద్ధములని దావీదు చెప్పినప్పుడు దానిని పాత్రలని అనువదించుచున్నారు. తెలుగున ఆయుధము వేరు, సామాను వేరు, పాత్ర వేరు. కాబట్టి అనువాదకుడు ఒక్కొక్కచోట ఒక్కొక్క మాటను ఎన్నుకొనక తప్పదు. అయితే హెబ్రీయుని చెవికి ఈ మూడును ఒకే కుటుంబమువి. చంపు పనిముట్టును, అన్నము తిను గిన్నెయు ఒకే పేరుతో పిలువబడుచున్నవి. రెండును ఒకే మనుష్యుని చేతిలో ఉండును గనుక ఆ భాష వాటిని విడదీయలేదు.

సౌలు నీళ్లబుడ్డికి వాడబడిన మాట ‘త్సప్పఖత్’ అనునది. సారెపతు విధవరాలియొద్ద కొంచెము నూనె మిగిలియుండిన బుడ్డియు అదే మాటతో చెప్పబడినది. బదరీవృక్షముక్రింద చావగోరి పండుకొనిన ఏలీయా తలయొద్ద దూత ఉంచిన నీళ్లబుడ్డియు అదే. ఒకటి కరవులో నున్న పేదరాలిది. ఒకటి అలసిన ప్రవక్తది. ఒకటి అసూయతో తరుముచున్న రాజుది. అరణ్యమందు ముగ్గురికిని దాహము ఒక్కటే. తన ప్రాణము తీయవచ్చిన వానికిని దాహము కలుగునని ఆ బుడ్డి దావీదునకు గుర్తుచేసియుండవలెను.

సైనికుని చిన్న సామాను దేవుని దృష్టికి అల్పమైనది కాదని ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయము బోధించుచున్నది. ఇశ్రాయేలు సైనికుడు తన ఆయుధములతో కూడ ఒక గసికను ఉంచుకొని, పాళెము వెలుపల గుంట త్రవ్వి మలమును కప్పవలెనని ఆజ్ఞ. కారణము కూడ అచ్చటనే చెప్పబడినది: దేవుడు ఆ పాళెములో సంచరించుచున్నాడు. చిన్న పారను తన బీరువాలో ఉంచుకొనిన సేకర్త ఈ వచనమును చదివినయెడల ఆ పార చుట్టును దేవుడు నడచిన నేల యున్నదని గ్రహించును.

మొదటి మార్గము: దోపుడుసొమ్ము

మొదటి మార్గము జయచిహ్నమును కూర్చుట. గిల్బోవ కొండమీద సౌలు పడిపోయిన మరునాడు ఫిలిష్తీయులు వచ్చి చేసిన పని 1 సమూయేలు 31వ అధ్యాయమందు వ్రాయబడియున్నది. వారు అతని ఆయుధములను ఒలిచి, అష్తారోతు గుడిలో ఉంచిరి. దేహమును బేత్షాను గోడకు తగిలించిరి. ఆయుధములకు గుడి దొరికెను. మనుష్యునికి సమాధి దొరకలేదు. ఆ వార్త విని యాబేష్గిలాదులోని శూరులు రాత్రియంతయు నడచిపోయి సౌలు దేహమును, అతని కుమారుల దేహములను దించి తెచ్చి, వారి యెముకలను వృక్షముక్రింద పాతిపెట్టి, ఏడు దినములు ఉపవాసముండిరి. వారు ఆయుధములు తెచ్చినట్టు వ్రాయబడలేదు. ఫిలిష్తీయులు సామగ్రిని కూర్చిరి. యాబేష్గిలాదువారు మనుష్యుని కూర్చిరి. యుద్ధస్థలమునకు పోవువారందరు ఈ రెండు గుంపులలో ఏదో యొకదానికి చెందియుందురు.

రెండవ ప్రపంచయుద్ధకాలమందు జపాను సైనికులు యుద్ధమునకు బయలుదేరునప్పుడు వారి కుటుంబమువారును, పొరుగువారును, మిత్రులును ఒక చిన్న జెండామీద, ఎఱ్ఱని సూర్యబింబము చుట్టునున్న తెల్లని భాగమందు తమ పేర్లను ఆశీర్వచనములను వ్రాసి ఇచ్చుచుండిరి. సైనికుడు దానిని మడిచి దేహమునొద్ద ఉంచుకొనుచుండెను. అతడు చనిపోయినప్పుడు, విజయము పొందినవారు ఆ జెండాను తీసికొని తమ ఇంటికి కొనిపోవుట సామాన్యమాయెను. తెచ్చినవానికి అది తాను బ్రతికి బయటపడిన దినమునకు గురుతు. అయితే ఆ వ్రాతలలో ఒక తల్లి పేరు కలదు. ఆమెకు కుమారుని దేహముగాని వస్తువుగాని తిరిగిరాలేదు.

జయచిహ్నము తానుగా చెడ్డదని చెప్పుట కాదు. గొల్యాతు ఖడ్గము నోబులో ఏఫోదు వెనుక బట్టతో చుట్టబడియుండెను. అది యెహోవా చేసిన రక్షణకు సాక్ష్యము. అయితే గిద్యోను మిద్యానీయుల దోపుడుసొమ్ములోని బంగారముతో చేయించిన ఏఫోదు ఒఫ్రాలో అతని యింటికి ఉరియాయెను. ఒకటి దేవుని కార్యమును చూపెను. మరియొకటి కన్నులను తనయొద్దనే నిలిపివేసెను. నేడు కొందరు క్రూర పాలకుల సైన్యముల చిహ్నములను, విశేషముగా హిట్లరు సేనల ముద్రలు గల వస్తువులను మిక్కిలి మోజుతో కూర్చుచున్నారు. చరిత్రను బోధించుటకు మ్యూజియములో అట్టి వస్తువు ఉండవచ్చును. కాని ఆ చిహ్నమును చూచినప్పుడు హృదయములో భయమునకు మారుగా ఆకర్షణ పుట్టుచున్నయెడల, అష్తారోతు గుడి మరల కట్టబడుచున్నదని విశ్వాసి తెలిసికొనవలెను.

రెండవ మార్గము: అమ్మకపు సరకు

రెండవ మార్గము ధర కట్టుట. కల్వరి కొండయొద్ద నలుగురు సైనికులు యేసు వస్త్రములను నాలుగు భాగములు చేసికొని, కుట్టు లేని అంగీని చింపక చీట్లు వేసిరని యోహాను వ్రాయుచున్నాడు. ఆ అంగీ పైనుండి క్రిందవరకు ఒకే నేతగా నుండెనని వారు గమనించిరి. నేత విలువ వారికి తెలిసెను. వస్త్రమును పరిశీలించిన ఆ కన్నులు ఒక్క అడుగు పైకెత్తినయెడల దాని యజమానుని చూచియుండును. ఆయన ఇంకను సజీవుడై యుండగానే ఆయన సొత్తు పంచబడెను.

ఈ సంగతి ఎంత గంభీరమైనదో తెలిసికొనుటకు సైనికుని గుర్తింపు బిళ్ల చరిత్ర చాలును. మొదటి ప్రపంచయుద్ధము ఆరంభమైనప్పుడు బ్రిటిషు సైనికుని మెడలో ఒకే బిళ్ల యుండెను. సైనికుడు మరణించినప్పుడు లెక్క వ్రాయుటకై ఆ బిళ్లను తీసికొని పోవుచుండిరి. ఫలితమేమనగా, తరువాత ఆ దేహము బయటపడినప్పుడు అది ఎవరిదో చెప్పుటకు ఏమియు మిగులలేదు. 1916 సెప్టెంబరులో ఈ లోపము సవరింపబడి, రెండు బిళ్లలు ఇయ్యబడెను. ఎఱ్ఱని గుండ్రని బిళ్ల లెక్కకొరకు తీయబడును. ఎనిమిది కోణములు గల ఆకుపచ్చని బిళ్ల దేహముతోనే యుండును. అప్పటికే వేలకొలది మంది పేరు లేనివారైరి. ఫ్రాన్సులోని నవ్‌షాపెల్ వద్ద 1927లో ప్రతిష్ఠింపబడిన స్మారకచిహ్నముమీద, సమాధి తెలియని 4,700 మందికి పైగా భారత సైనికుల పేర్లు చెక్కబడియున్నవి.

ఇంత స్వల్పమైన వస్తువును తీసికొనుటచేత ఒక మనుష్యుని పేరు నేలలో కలిసిపోవును. ఇది తెలిసియుండియు తూర్పు ఐరోపాలో పాత యుద్ధస్థలములను రహస్యముగా త్రవ్వి, ఎముకలను ప్రక్కకు త్రోసి, బిళ్లలను హెల్మెట్లను బెల్టు బిళ్లలను అమ్ముకొనువారు కలరు. ఆ బిళ్లను కొనినవాడు తాను త్రవ్వలేదని చెప్పుకొనవచ్చును. అయితే కొనువాడు లేనియెడల త్రవ్వువాడు లేడు. ఆకాను శాపగ్రస్తమైన సొత్తును తన డేరా మధ్య నేలలో పాతిపెట్టెను. ఇచ్చట నేలలో నిద్రించుచున్న వాని సొత్తు డేరాలోనికి తేబడుచున్నది. మార్గము తిరుగబడినను పాపము పేరు మారలేదు. పేరు చెక్కబడిన వస్తువునకు సంతలో ఎక్కువ ధర పలుకును. ఏ పేరు ఆ వస్తువును ఒక కుటుంబమునకు చేర్చగలదో ఆ పేరే ధరను పెంచి, కుటుంబమునకు అందకుండ చేయుచున్నది.

మూడవ మార్గము: అప్పగింపబడిన సొత్తు

మూడవ మార్గము దావీదు హకీలా ఎదుట చూపినది. అతడు ఈటెను తీసికొనెను. అయినను దానిని తనదిగా ఎంచలేదు. ఆ యీటె అతని చేతిలో ఒక సాక్ష్యముగా నుండెను: చంపగలిగినవాడు చంపలేదు. సాక్ష్యము పలికిన తరువాత వస్తువు యజమానునికి చేరవలెను. నీళ్లబుడ్డిని తిరిగి పంపుటను గూర్చి వేరుగా వ్రాయబడలేదు. అయినను రాజు ఈటెను, తలగడయొద్దనుండిన నీళ్లబుడ్డిని వెదకి చూడుమని అబ్నేరుతో చెప్పినప్పుడు, ఆ రెండును రాజువని దావీదు అందరియెదుట ఒప్పుకొనెను. సౌలు మంచివాడని దావీదు అట్లు చేయలేదు. ఆ ఈటె ఒకప్పుడు తనమీదికే విసరబడినదని అతడు మరచియుండడు. వస్తువును తిరిగి ఇచ్చుటకు యజమానుని యోగ్యత కారణము కాదు. యెహోవా భయమే కారణము.

క్రొత్త నిబంధనలో కర్పు అను ఒకడు కలడు. అతని గూర్చి తెలిసినది ఒక్కటే. పౌలు తన అంగీని, పుస్తకములను, విశేషముగా చర్మపు కాగితములను త్రోయలో అతనియొద్ద ఉంచిపోయెను; చెరసాలనుండి వ్రాయుచు వాటిని తెమ్మని తిమోతిని కోరెను. కర్పు ప్రసంగములేవియు మిగులలేదు. పరుని అంగీని అడిగినప్పుడు ఇచ్చునట్లు భద్రపరచినవాడుగా అతని పేరు లేఖనములో నిలిచెను. సేకరించు ప్రతి క్రైస్తవునికి కర్పు ఉద్యోగము చాలును.

ఈ ఉద్యోగమును నమ్మకముగా చేయువారు లేకపోలేదు. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రమందు 2009లో స్థాపింపబడిన ఓబోన్ సొసైటీ, పైన చెప్పబడిన జపాను జెండాలను పరిశీలించి, వాటిమీది వ్రాతలనుబట్టి కుటుంబములను వెదకి, వందలకొలది జెండాలను ఉచితముగా తిరిగి చేర్చినది. వాటిని పంపువారిలో అనేకులు ఆ జెండాలను యుద్ధభూమినుండి తెచ్చిన సైనికుల కుమారులు, మనుమలు. తండ్రి జయచిహ్నముగా తెచ్చినది కుమారుని చేతిలో అప్పగింపబడిన సొత్తుగా మారెను. యుద్ధము నాడు ఒకరినొకరు చంపుకొనిన రెండు కుటుంబములు ఒక మడత గుడ్డచేత సమాధానపడుచున్నవి.

ఫ్రాన్సులోని ఫ్రోమెల్ గ్రామమువద్ద 1916 జూలైలో ఆస్ట్రేలియా, బ్రిటిషు సైనికులు అనేకులు ఒకే రాత్రి కూలిరి. వారిలో 250 మంది దేహములు 2009లో ఒక సామూహిక సమాధినుండి మిక్కిలి జాగ్రత్తగా వెలికితీయబడి, ఒక్కొక్కటిగా క్రొత్త శ్మశానమందు ఉంచబడెను. వారియొద్ద దొరికిన ప్రతి చిన్న వస్తువును పరిశీలించి, బంధువుల డి.ఎన్.ఎ. పరీక్షల వంటి నేటి శాస్త్రసాధనములతో పోల్చి, 150 మందికి పైగా పేర్లను కనుగొనిరి. ఆ వస్తువులలో ఒక రైలు టిక్కెట్టు కలదు: పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్‌నుండి పెర్తుకు తిరుగు ప్రయాణపు టిక్కెట్టు. ఇంటికి మరలుదునని నమ్మి దాచుకొనిన కాగితమది. ఒక సంతలో అది విచిత్రవస్తువగును. ఆ మనుష్యునితో కూడ దొరికినప్పుడు అది ఒక నిరీక్షణ.

భారతదేశమందు 1944 మార్చి మొదలుకొని జూలైవరకు ఇంఫాల్ చుట్టును, కొహిమాలోను ఘోరయుద్ధము జరిగెను. కొహిమా శ్మశానములో 1,420 సమాధులు కలవు. దహనము చేయబడిన 917 మంది హిందూ, సిక్కు సైనికులకు అచ్చటనే స్మారకము కలదు. ఆ కొండలలో స్థానికులైన ఔత్సాహికులు తుప్పుపట్టిన హెల్మెట్లను, నీళ్లసీసాలను, గిన్నెలను కూర్చిరి. ఇంఫాల్‌కు దక్షిణముగా ఎఱ్ఱకొండ అనబడు స్థలమునొద్ద 2019 జూన్‌లో శాంతి మ్యూజియము తెరువబడినప్పుడు అట్టి వస్తువులు అందు చోటుచేసికొనెను. ఆ యుద్ధము మణిపురి ప్రజల యుద్ధము కాదు. రెండు పరదేశ సామ్రాజ్యములు వారి పొలములలో పోరాడెను. అయినను వారు ఉభయపక్షముల నీళ్లసీసాలను ఒకే కప్పుక్రింద ఉంచిరి. ఏ సీసా శత్రువుదో ఏది మిత్రునిదో అని ఆ గ్రామములవారు వేరుచేయకపోవుట గొప్ప ఉపదేశము.

బేత్లెహేము నీళ్లు

దావీదు జీవితమందు మరియొక నీళ్లపాత్ర కలదు. అతడు అదుల్లాము గుహలో నుండగా, బేత్లెహేము గవినియొద్ద బావినీళ్ల కొరకు ఆశపడెను. ముగ్గురు శూరులు ఫిలిష్తీయుల దండును చీల్చుకొనిపోయి ఆ నీళ్లు తెచ్చిరి. దావీదు వాటిని త్రాగక యెహోవా సన్నిధిని పారబోసెను. తమ ప్రాణములకు తెగించిన మనుష్యుల రక్తముగా వాటిని ఎంచెను. దాహముతో కోరిన నీళ్లనే అతడు త్రాగలేకపోయెను, ఏలయనగా వాటి వెల అతనికి తెలిసెను.

యుద్ధమందు వాడబడిన ప్రతి వస్తువునకు ఇట్టి వెల కలదు. సంతలో అడుగబడు ధర ఆ వెల కాదు. 1914 క్రిస్మసు దినమున, రాజకుమారి మేరీ పేర కూర్చిన నిధినుండి సైనికులకు ఇత్తడి డబ్బాలు పంపబడెను. ఆ దినమునకే 4 లక్షలకు పైగా పంచబడెను. అనేక డబ్బాలలో పొగాకు ఉండెను. భారత సైనికులలో అనేకుల కొరకు కలకండ, మసాలా దినుసుల డబ్బా ఉంచబడెను. సెప్టెంబరులో మార్సేల్ ఓడరేవున దిగి, చలిబట్టలు చాలక, ఫ్రాన్సు బురదలో వణకుచుండిన ఒక సిపాయి ఆ డబ్బా తెరచి ఏలకుల లవంగముల వాసన పీల్చియుండవచ్చును. నేడు ఆ డబ్బా ఎవని బల్లమీదనైనను ఉండినయెడల, అది మెరుగుపెట్టబడిన ఇత్తడి మాత్రమే కాదు. దూరదేశపు వంటయింటి జ్ఞాపకముతో ఒక మనుష్యుడు కన్నీరు తుడుచుకొనిన స్థలమది.

చేయదగిన పనులు

ఈ ఉపదేశము ఐరోపావారికి మాత్రమే సంబంధించినదని తలంపరాదు. రెండవ ప్రపంచయుద్ధములో 25 లక్షల మంది భారతీయులు సైన్యములో సేవచేసిరి. మదరాసు రాజధానినుండి చేరిన తెలుగువారును వారిలో కలరు. అట్టి తాతగారి ట్రంకుపెట్టెలో ఒక బెల్టో, ఒక గిన్నెయో, రిబ్బను చినిగిన యొక పతకమో నేటికిని ఉండవచ్చును. భారత సైనికులకు ఇయ్యబడిన ఆ యుద్ధపు పతకముల అంచుమీద సాధారణముగా నంబరును పేరును చెక్కబడియుండును. బ్రిటిషు సైనికులకు ఇచ్చినవి పేరు లేకయే ఇయ్యబడెను. మొదటి యుద్ధపు వెండి పతకములు అనేకములు వెండి ధరకే కరిగింపబడెను. పేరు చెక్కిన పతకమును కంసాలి మూసలో వేయకమునుపు, ఇంటివారు ఆ అంచును ఒకసారి చదువుదురు గాక.

వస్తువు కలిగియున్న విశ్వాసి మొదట దాని కథను వ్రాసి ఉంచవలెను: ఎవరిది, ఎచ్చటినుండి వచ్చెను, ఎవరు ఇచ్చిరి. కాగితము లేని వస్తువు ఒక్క తరములోనే అనాథయగును. రెండవది, దానిమీద పేరుగాని నంబరుగాని ఉన్నయెడల కుటుంబమును వెదకవలెను. చెంచామీద గీయబడిన నంబరు ఒకటే కొన్ని దేహములకు తిరిగి పేరు తెచ్చినది. మూడవది, సమాధి నేలను త్రవ్వరాదు; త్రవ్వి తెచ్చినదానిని కొనరాదు. ఎముకలు కనబడినయెడల చేయి తీసి అధికారులకు తెలుపవలెను. నాలుగవది, పేలుడు పదార్థము ముసలిదైనను చచ్చినది కాదు. బెల్జియములోని ఈప్రె పట్టణమునొద్ద 2014 మార్చిలో మొదటి యుద్ధపు గుండు పేలి ఇద్దరు పనివారు మరణించిరి. నూరు సంవత్సరములు నేలలోనుండిన గుండు అది. దొరికిన తుపాకి విషయమై భారతదేశములో 1959 నాటి ఆయుధముల చట్టమునకు లోబడవలెను. ఐదవది, పిల్లలకు ఆ హెల్మెట్టును ఆటవస్తువుగా చూపక, దానిని ధరించినవానికి తల్లి యుండెనని చెప్పవలెను.

కాల్చబడబోవు జోళ్లు

చివరకు ఈ వస్తువులన్నిటి గతి ఏమి? యెషయా 9వ అధ్యాయము దానికి ఉత్తరమిచ్చుచున్నది. యోధుని జోళ్లును, రక్తములో పొర్లింపబడిన వస్త్రములును అగ్నికి ఆహారమగునని ప్రవక్త చూచెను. జోళ్లకు ఆయన వాడిన మాట పాత నిబంధనయంతటిలో ఆ ఒక్కచోటనే కనబడుచున్నది; అష్షూరు సైనికుని పాదరక్ష పేరే హెబ్రీయుల నోటికి వచ్చెను. భయపెట్టినవాని జోడు చప్పుడుతో కూడ దాని పేరును నేర్చుకొనిరి. ఆ జోళ్లు కాలిపోవుటకు కారణము మరియొక సైన్యము కాదు; ప్రవక్త వెంటనే ఒక శిశువు జననమును ప్రకటించుచున్నాడు. సమాధానకర్తయగు ఆ కుమారుని రాజ్యము పరిపూర్ణమైన దినమున ఏ బీరువాకును సైనికసామగ్రి అవసరముండదు. ఆ మంటను చూచి సంతోషింపగలవాడు నేడు ఆ జోళ్లను నిర్దోషముగా భద్రపరచగలడు. ఆ మంటకు ఏడ్చువాడు ఇప్పుడే వాటికి బానిస.

అంతవరకు దేవుడును ఒకటి కూర్చుచున్నాడు. ఫిలిష్తీయులు గాతులో దావీదును పట్టుకొనినప్పటి 56వ కీర్తనలో, దేవుడు తన సంచారములను లెక్కించెననియు, తన కన్నీళ్లను తన బుడ్డిలో ఉంచుకొనెననియు దావీదు విశ్వసించుచున్నాడు. అచ్చట వాడబడిన హెబ్రీ మాట ప్రయాణికుడు మోయు తోలుతిత్తిని సూచించును. నీళ్లకై ఆశించిన భక్తునికొరకు దేవుడే ఒక తిత్తి పట్టుకొనియున్నాడు. అందులో నీళ్లు కావు, కన్నీళ్లు కలవు. ఏ బిళ్ల పోయినను, ఏ పేరు మాసినను, ఆ తిత్తిలోనుండి ఒక్క బొట్టు తప్పిపోదు.

‘కెలీ’ అను మాటను గ్రీకు అనువాదకులు ‘స్కేవొస్’ అని మార్చిరి. పౌలును తాను ఏర్పరచుకొనిన సాధనమని ప్రభువు అననీయతో చెప్పినప్పుడు వాడబడిన మాట అదే; మంటి ఘటములలో ఐశ్వర్యము కలదని పౌలు వ్రాసినప్పుడు వాడినదియు అదే. కాబట్టి మనుష్యుడు సామగ్రికి యజమానుడు మాత్రమే కాడు. తానును దేవుని చేతిలో ఒక పాత్ర. బురదలో విరిగిపోయిన మంటిపాత్రను కూడ ఎరిగిన కుమ్మరి ఒకడున్నాడు. పరుని నీళ్లసీసాను చేతపట్టుకొనినవాడు దానిని ధర చూడక, పేరు చూచి పట్టుకొనునుగాక. ఆ పేరు దేవునికి ముందే తెలియును.

ప్రార్థన: సమాధానకర్తవగు ప్రభువా, యుద్ధములలో పేరు లేక పడియున్న వారిని నీవు పేరుపెట్టి పిలుచుదువు. పరుల సొత్తు చేతికి వచ్చిన నీ ప్రజలకు దావీదు భయమును, కర్పు నమ్మకత్వమును దయచేయుము. యోధుల జోళ్లు కాలిపోవు దినమును త్వరపెట్టుము. ఆమేన్.